తొక్కు ఆటల తొక్కొద్దట!

మే నెల. ఊరంతా మామిడికాయలు. అలాంటప్పుడు హన్మకొండలో ఒక కాలనీ వాట్సాప్ గ్రూపులో ‘ఆదివారం పొద్దున ఆరింటికి కమ్యూనిటీ హాల్ వెనకాల పికిల్. ఎవరి సామాన్లు వాళ్లే తెచ్చుకోవాలె’ అని పెడితే ఏమవుతుందో మా సెక్రటరీ సారుకు తట్టలేదు. హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి పోయి పికిల్‌బాల్ అనే బ్యాటూ బంతీ ఆట అంటించుకొచ్చిన మనిషి. ‘బాల్’ అని రాయడానికి బద్ధకం.

మా వాడలో తొక్కంటే పెద్దమ్మే. ముందురోజే చపాటా మిర్చి పట్టించి పెట్టుకుంది. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు తెచ్చుకున్న మన వరంగల్ మిర్చి అది. కారం తక్కువ, రంగు ఎక్కువ. ఈ సంగతి గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

సారు కొత్త బూట్లేసుకొని వచ్చేసరికి కోర్టులో నెట్ పక్కనే చాప పరిచి ఉంది. కత్తిపీటలు, బేసిన్లు, నూనె డబ్బా, దంచిన ఎల్లిగడ్డ వాసన. నలుగురు ఆడవాళ్లు కాయలు తుడుస్తున్నారు.

“పెద్దమ్మా, జర లేవుండ్రి. నెట్‌కు అటు ఏడడుగులు, ఇటు ఏడడుగులు కిచెన్. బంతిని గాల్లోనే కొట్టేటప్పుడు కిచెన్ తొక్కొద్దు.”

“తొక్కు కిచెన్ల గాక ఏడ పెడ్తరు బిడ్డా, బాత్రూముల?”

సారు బ్యాట్ చంకలో పెట్టుకొని చరిత్ర ఎత్తుకున్నాడు. 1965లో అమెరికాలో, బైన్‌బ్రిడ్జ్ దీవిలో, జోయెల్ ప్రిచర్డ్ ఇంట్లో బ్యాడ్మింటన్ ఆడదామంటే సామాను సరిగ్గా దొరకలేదట. చిల్లుల ప్లాస్టిక్ బంతి, టేబుల్ టెన్నిస్ బ్యాట్లు పట్టుకొని అదే కోర్టులో మొదలుపెట్టారు. పడవ పందేల్లో మిగిలిపోయిన తెడ్డుగాళ్లను పోగేసి ఎక్కించే పడవను అక్కడ ‘పికిల్ బోట్’ అంటారు. ప్రిచర్డ్ భార్య జోన్‌కు అది గుర్తొచ్చి ఆ పేరు పెట్టింది. వాళ్ల కుక్క పికిల్స్ పేరే ఆటకు పెట్టారని ఇంకో కథ. కుక్క తర్వాత వచ్చింది, ఆట పేరే దానికి పెట్టుకున్నామని ఆ ఇంటివాళ్లే చెప్పారు.

పెద్దమ్మ కత్తిపీట మీదనుంచి తల ఎత్తలేదు. “దొరికినయన్నీ కలిపితే కలగూరగంప అంటరు. నడుమ మా తొక్కును బద్నాం చేసుడేంది?”

చివరికి రాజీ కుదిరింది. చాప గీత అవతలికి జరిగింది, ఆట మొదలైంది. కాసేపటికే బంతి ఎగిరొచ్చి కారం, నూనె కలిపిన బేసిన్‌లో పడింది.

మామూలు బంతయితే తుడిస్తే పోను. ఆరుబయట ఆడే ఈ బంతికి సాధారణంగా 40 చిల్లులుంటాయి. నూనె లోపలికి దిగిందని సారు చూసుకోలేదు. రెండు వేళ్లతో తీసి, చాపకు రుద్ది, బలంగా సర్వీస్ కొట్టాడు. సగం ఆయన మొహానికే చిందింది. మిగతా సగం ఎదురుగా ఉన్న రిటైర్డ్ బ్యాంకు సారు తెల్ల టీషర్టు మీద ఎర్రెర్రని చుక్కలు పెట్టింది.

అందరూ ఊపిరి బిగబట్టారు. బ్యాంకు సారు ఒక చుక్కను వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు.

“పెద్దమ్మా, ఉప్పు జర తక్కువైంది.”