ఏసీ వేసే ఉందిగా!

మన తెలుగు సంఘం కార్యవర్గం పోయిన వారం పంపిన మెయిల్ మీరందరూ చూసే ఉంటారు. "జూన్ వనభోజనాల్లో కలిగిన చిన్న అసౌకర్యం దృష్ట్యా ఇకపై మన పిక్నిక్‌లకు, క్యాంపింగ్‌లకు పెంపుడు జంతువులను అనుమతించడం లేదు." అంతే. దీపావళి స్పాన్సర్ల వివరాలకూ పార్కింగ్ సూచనలకూ మధ్య ఇరికించిన ఒక్క వాక్యం. గ్రూపులో దానికి బోలెడు దణ్ణాలు, బొటనవేళ్లు. ఒకాయన "హమ్మయ్య, ఓ పనైపోయింది" అని కూడా రాశారు.

పనైపోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రోజు రానివాళ్ల కోసం జరిగింది చెప్తాను. వచ్చినవాళ్లలోనూ సగం మంది అంత్యాక్షరిలో మునిగిపోయి ఉన్నారు కాబట్టి వాళ్లకూ పూర్తిగా తెలియదు. వనభోజనాలంటే కార్తీకమాసంలో, కాస్త చలి మొదలయ్యాక, చెట్టు కింద చేసుకునేవి. మనం మాత్రం పిల్లల స్కూలు సెలవులు చూసుకుని టెక్సస్ జూన్‌లో పెట్టుకుంటాం. నవంబర్‌లో చేసుంటే నాకీ వ్యాసం రాసే పనే పడేది కాదు. సరే, ఆ గొడవ ఇంకోసారి.

ఆ కుటుంబం పేరు రాయను. వాళ్లకో షీట్జూ జాతి కుక్క ఉంది, పేరు చిట్టి. పోయినేడాది చిట్టిని పట్టుకుని పెవిలియన్ దగ్గరికి వస్తే ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వంటల దగ్గర కుక్కేమిటని పెద్దవాళ్లు ముఖం తిప్పుకున్నారు. ఓ పిల్లాడు భయపడి పళ్లెం పారేసి ఏడ్చాడు. ఆ ఇంటి అమ్మాయి భోజనం కూడా సరిగా చెయ్యకుండా కుక్కని ఎత్తుకుని కారు పక్కన నిలబడింది. అందుకే ఈసారి క్యాంపర్ (లోపలే ఉండి పడుకునే బండి) తెచ్చుకున్నారు. పెవిలియన్‌కి దగ్గర్లోనే సైటు దొరికింది. ఏసీ 72 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పెట్టారు (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే), కర్టెన్లు వేశారు, గిన్నెలో నీళ్లు పోశారు, చిట్టి ఆడుకునే పాత సాక్సు దాని పక్కనే పడేశారు. ఫోన్లోంచి చూసుకోవడానికి లోపల చిన్న కెమెరా కూడా పెట్టారు. "ఎవరికీ ఇబ్బంది ఉండదు అక్కా, ఏసీ వేసే ఉంది" అని నాతో ఆ అమ్మాయి చాలా సంతోషంగా చెప్పింది.

నాలుగింటికి టీ. పెవిలియన్లో ఉన్న ప్లగ్గులన్నీ మైకు వాళ్లు పట్టేసుకున్నారు. టీ చూసుకుంటున్న కుర్రాళ్లు అర్న్ (టీ కాచే పెద్ద కరెంటు పాత్ర) ఎక్కడ పెట్టాలా అని చూస్తే క్యాంపర్ బయటి గోడకి, నీడ కోసం చాపిన ఆనింగ్ కింద ఒక ప్లగ్ కనిపించింది. "పెట్టుకోండి అన్నయ్యా, దానికేముంది" అన్నాడు ఆ ఇంటాయన. ఎవరున్నా అదే అంటారు.

ఇక్కడ లెక్క చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం ఆ లెక్కలోనే ఉంది. ఆ క్యాంపర్‌కి వచ్చే కరెంటు మొత్తం 30 ఆంపులు. పైకప్పు మీది ఏసీ మండుటెండలో 15 ఆంపుల దాకా లాగుతుంది. 1500 వాట్ల టీ అర్న్ పన్నెండున్నర. కరెంటు మీద నడుస్తున్న ఫ్రిజ్జు, బ్యాటరీ చార్జరు కలిపితే ఇంకో ఐదారు. మొత్తం ముప్పై దాటింది. కొంచెమే దాటితే బ్రేకర్ (ఎక్కువ లాగితే కరెంటు ఆపేసే స్విచ్చి) వెంటనే పడదు, కొన్ని నిమిషాలు ఓర్చుకుని అప్పుడు పడుతుంది. పైగా అది మధ్యాహ్నమంతా ఎండకి కాలిన రేకు డబ్బాలో ఉంది, అలాంటప్పుడు ఇంకా తొందరగా పడుతుంది. పడింది, దాంతో లోపల ఏసీ ఆగిపోయింది. అదే వైరుని సైటులోని కరెంటు డబ్బాకే ఉన్న 20 ఆంపుల ప్లగ్గులో పెట్టుంటే దాని బ్రేకర్ వేరు, ఏమీ అయ్యేది కాదు. కానీ పిక్నిక్‌లో టీ కాచేవాడికి ఈ సంగతులన్నీ తెలియాలనడం న్యాయం కాదు.

టీ చల్లారిపోయిందేమిటని ఇద్దరు ముగ్గురు అడిగారు. "ఇంకో ఐదు నిమిషాలండీ, కాగుతోంది" అని సమాధానం. అర్న్ మీది ఎర్ర లైటు వెలగడం లేదని ఎవరూ గమనించలేదు. గమనించినా, దానికీ లోపలున్న కుక్కకీ లంకె ఉందని ఎవరికి తడుతుంది?

చిట్టి ఎలా ఉందో చూద్దామని ఆ అమ్మాయి ఫోను తీసింది. నేను పక్కనే ఉన్నాను. తెరమీద చిట్టి హాయిగా పడుకుని ఉంది. ఆ కెమెరాకి వైఫై ఇచ్చే రౌటర్ కూడా అదే కరెంటు మీద నడుస్తుంది. బ్రేకర్ పడ్డప్పుడే అదీ ఆగిపోయింది. మేం చూసింది అంతకు ముందెప్పుడో ఆగిపోయిన చివరి బొమ్మ. మూలన చిన్న అక్షరాల్లో ఆఫ్‌లైన్ అని ఉంది. ఎండలో ఫోను పట్టుకుని ఆ మూల ఎవరు చదువుతారు?

చివరికి కనిపెట్టింది మనవాళ్లెవరూ కాదు. క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే ఒక పెద్దావిడ గోల్ఫ్ కార్టులో వచ్చింది. ఆవిడ నేరుగా మైకు దగ్గరికి వెళ్తుంటే సౌండు తగ్గించమనడానికి వచ్చిందనుకుని మన యాంకర్ "ఫైవ్ మినిట్స్ మేడమ్, ఫైవ్ మినిట్స్" అని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆ క్యాంపర్లో ఇందాక ఓ కుక్క మొరిగింది, ఇప్పుడు మొరగడం లేదు, అది ఎవరిది అని అడిగింది.

తలుపు తీస్తే లోపలి గాలి ముఖానికి కొట్టింది. చిట్టి తలుపు దగ్గరే పడి ఉంది. నీళ్ల గిన్నె తిరగబడి ఉంది. నోటి నుంచి జిగురు జిగురుగా చొంగ, చిగుళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, లేవబోతే వెనక కాళ్లు నిలవలేదు. ఓ పెద్దాయన పాపం ప్రేమతోనే నోట్లో నీళ్లు పొయ్యబోతే, వెటర్నరీ చదువుతున్న మన పిల్ల ఒకతి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయట. ఒంటి మీద పొయ్యండి, పొట్ట కింద, తొడల మధ్య, పాదాల మీద పొయ్యండి, ఎవరైనా విసరండి అంది. తడి తువ్వాలు చుట్టబోతే అదీ వద్దంది, కాసేపటికి అది వేడిని బయటికి పోనివ్వకుండా పట్టేస్తుందట. ముందు చల్లబరచాలి, తర్వాత తీసుకెళ్లాలి. హాస్పిటల్లో చూసేసరికి కూడా ఒంటి వేడి 105 దాటే ఉంది. కుక్కకి మామూలుగా ఉండేది 101 నుంచి 102.5. తేరుకున్నట్టు కనిపించినా ఇంటికి పంపలేదు. మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టడం లాంటివి ఒకటి రెండు రోజుల తర్వాత దెబ్బతినొచ్చని ఉంచేశారు. బతికింది. ఇది మన మెయిల్లోకి ఎక్కిన చిన్న అసౌకర్యం.

తర్వాత గ్రూపులో వచ్చిన మెసేజీల జోలికి ఎక్కువగా పోను. "మన ఊళ్లో కుక్కలకి ఏసీలున్నాయా, ఎండలో తిరగట్లేదా" అన్నది అందరికీ బాగా నచ్చినట్టుంది. మన ఊరి కుక్క తిరుగుతుంది, నిజమే. మధ్యాహ్నం అయ్యేసరికి అరుగు కిందో, కుళాయి దగ్గరి బురదలోనో, ఆగిన లారీ కిందో పడుకుంటుంది. నీడ జరిగితే అదీ జరుగుతుంది. దానికి తిండి పెట్టిన ప్రతి ఇల్లూ దానిదే, తలుపేసి గడియ పెట్టినవాడెవడూ లేడు. చిట్టికి లేనిది ఏసీ కాదు, జరగడానికి చోటు. మనకి చెమట పడుతుంది, కుక్కకి అలా పట్టదు. పాదాల దగ్గర తప్ప దానికి చెమట లేదనుకోవచ్చు, ఒగర్చడమే దాని దారి. మూసిన చోట అది ఒగర్చే కొద్దీ గాలిలో తేమ పెరుగుతుంది, తేమ పెరిగే కొద్దీ ఒగర్చినా ఒళ్లు చల్లబడదు. ముక్కు చప్పిడిగా ఉండే షీట్జూ, పగ్, బుల్‌డాగ్‌లకి ఆ దారి కూడా ఇరుకే. కిటికీ తీసి ఫ్యాన్ పెట్టాం అనేవాళ్లకీ ఇదే జవాబు. చెమట లేని ఒంటికి ఫ్యాను చేసే మేలు తక్కువ, బయట 98 ఉంటే అది తెచ్చేదీ ఆ 98 గాలినే.

కార్ల మీద స్టాన్‌ఫర్డ్ వాళ్లు చేసిన అధ్యయనం 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది. బయట 72 డిగ్రీలున్న రోజైనా 96 ఉన్న రోజైనా, గంటలో కారు లోపల సగటున 40 డిగ్రీలు పెరిగింది. అందులో ఎనభై శాతం మొదటి అరగంటలోనే. కిటికీ కాస్త దించినా పెద్ద తేడా రాలేదు. క్యాంపర్ కారు కన్నా పెద్దది, గోడల్లో కొంత ఇన్సులేషన్ ఉంటుంది, అంత వేగంగా కాలకపోవచ్చు. నిదానంగానైనా వెళ్లేది అక్కడికే. కరెంటు పోని రోజున కూడా పైకప్పు ఏసీ తను పీల్చిన గాలిని ఓ 20 డిగ్రీలు చల్లబరుస్తుంది, అంతకు మించి దాని చేత కాదు. నీడ లేని సైటులో, పార్కు మొత్తం ఏసీలు వేసిన మధ్యాహ్నం వోల్టేజి పడిపోయి కొన్ని రకాల సర్జ్ ప్రొటెక్టర్లు (కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడే పరికరాలు) తమంతట తామే కరెంటు ఆపేస్తాయి. ఆ పరికరం కాపాడేది ఏసీ మోటారుని, లోపలున్న ప్రాణిని కాదు.

మాకూ చిన్న ట్రెయిలర్ ఉంది, మా ఇంట్లోనూ ఓ ముసలి లాబ్రడార్ ఉంది. సిమ్ మీద, సొంత బ్యాటరీ మీద పనిచేసే అలారం ఒకటి కొనుక్కున్నాం. వేడి పెరిగినా, కరెంటు పోయినా ఫోనుకి మెసేజీ పంపుతుంది. వైఫై అవసరం లేదు. అయినా సిగ్నల్ ఉన్న చోటే అది పనిచేస్తుంది, మెసేజీ వచ్చాక ఐదు పది నిమిషాల్లో తలుపు తియ్యగలిగిన మనిషి ఉంటేనే దానికి విలువ. యూటాలోని జయన్ నేషనల్ పార్కుకి వెళ్లే మనవాళ్లకి ఇది మరీ చెప్పాలి. అక్కడ పారూస్ అనే ఒక్క ట్రెయిల్లోనే కుక్కని రానిస్తారు, షటిల్ బస్సులో ఎక్కనివ్వరు. మీరు లోయ లోపల కొండెక్కుతుంటే మెసేజీ వచ్చి ఏం లాభం? సగం మంది పొద్దున, సగం మంది సాయంత్రం వెళ్లొచ్చు, లేదా దాన్ని పక్క ఊళ్లో కుక్కల్ని చూసుకునే బోర్డింగ్‌లో దించొచ్చు.

కుక్కలంటే ఇష్టం లేనివాళ్ల పక్షం కూడా చెప్పాలి. పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకున్న తరం మన మధ్యే ఉంది. ఆ భయాన్ని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. అమెరికాలో కుక్కల నుంచి కుక్కలకి పాకే రేబిస్ లేదని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2007లోనే ప్రకటించింది, అయినా చిన్నప్పుడు వంట్లో దిగిన భయం ప్రకటనలతో పోదు. మడి కట్టుకుని ప్రసాదం వండే అత్తయ్యగారి దగ్గరికి కుక్క రాకూడదంటే రాకూడదు, అందులో వాదనేముంది. ఎలర్జీ ఉన్న పిల్లలున్నారు. కుక్క అందరి ఒళ్లోకీ ఎక్కాలని నేను అనడం లేదు.

కానీ ఒక్కసారి ఆలోచించండి. టెక్సస్ స్టేట్ పార్కుల నియమం ప్రకారం పెంపుడు జంతువుని ఒంటరిగా వదలకూడదు, బండిలో అయినా సరే. ఆరడుగుల లోపు తాడుతో పక్కనే ఉంచుకోవాలి. పక్కన ఉంచుకోమని పార్కు అంటుంది, పక్కన ఉంచుకోవద్దని మనం అంటాం. ఈ రెంటి మధ్యా ఆ అమ్మాయికి మిగిలింది ఆ క్యాంపర్ ఒక్కటే. ఇప్పుడు కొత్త తీర్మానం వచ్చింది కదా అని కుక్కలున్నవాళ్లు రావడం మానేస్తారనుకుంటున్నారా? కొందరు మానేస్తారు, వాళ్లని మనం పోగొట్టుకుంటాం. మిగతావాళ్లు తెస్తారు, చెప్పరు. కర్టెన్లు ఇంకా దగ్గరగా వేస్తారు, మొరగకుండా టీవీ పెడతారు. ఆ పెద్దావిడకి వినిపించినట్టు ఇంకోసారి ఎవరికీ వినిపించదు.

కార్యవర్గానికి నా విన్నపం. లేబర్ డే క్యాంపింగ్ రిజిస్ట్రేషన్ ఇంకా తెరవలేదు. ఆ తీర్మానం వెనక్కి తీసుకోండి. వెజ్, నాన్‌వెజ్ అని అడిగే ఫారంలోనే కుక్క వస్తోందా అని కూడా అడగండి. వంటలకు దూరంగా, గాలి ఆడేవైపు, రెండు చెట్ల నీడ ఉన్న సైటు ఒకటి వాటికి వదిలెయ్యండి. నీళ్ల తొట్టి ఒకటి, కూర్చోడానికి కుర్చీలు చాలు. ఎవరి కుక్కని వాళ్లే తాడుతో పట్టుకుంటారు, భోజనాలప్పుడు మాత్రం గంటకిద్దరు వాలంటీర్లు అక్కడ కూర్చోవాలి. 90 దాటే రోజైతే అసలు తేవద్దని ముందే మెయిల్ పెట్టండి, దానికి ఎవరూ నొచ్చుకోరు. ఆ ఎండ మనుషులకూ మంచిది కాదు. టీ అర్న్‌ని ఎవరి క్యాంపర్‌కీ తగిలించకండి. వాలంటీర్ల షీటులో మొదటి రెండు గంటలకీ నా పేరు రాసుకోండి, అంత్యాక్షరి నాకెలాగూ రాదు.