బస్తా మీద తేదీ చూస్తాం, ఇసుక కుప్పను చూడం

శ్లాబ్ వేసే రోజు పొద్దున్నే అందరి కళ్ళూ రెండింటి మీదే ఉంటాయి. సిమెంటు బస్తా మీద తయారీ తేదీ చదువుతారు. ఇనుప చువ్వల మందం కొలుస్తారు, వాటి మధ్య ఎడం సరిచూస్తారు. ఇసుక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘లోడు దిగిందా, లేదా’ అన్నదొక్కటే ప్రశ్న. అది ఓ కుప్ప, అంతే. రేపు పగుళ్ళొస్తే, గోడ చెమ్మగిల్లితే, నింద సిమెంటు మీదో మేస్త్రీ మీదో పడుతుంది. కుప్ప జోలికి ఎవరూ పోరు.

సిమెంటును పరీక్షించే ల్యాబులవాళ్ళు ఇంత నిర్లక్ష్యంగా ఉండరు. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పద్ధతిలో 450 గ్రాముల సిమెంటు, 225 గ్రాముల నీళ్ళు, 1350 గ్రాముల ఇసుక కలిపి దిమ్మలు పోస్తారు. ఆ ఇసుక దొరికిన చోటల్లా తెచ్చుకునేది కాదు. ఏ సైజు గింజ ఎంత శాతం ఉండాలో ముందే తేల్చి, తూచి, ప్యాకెట్లలో కట్టిన ప్రామాణిక ఇసుక. ఇంత జాగ్రత్త ఎందుకు? ఇసుక మారితే అదే సిమెంటుకు వేరే ఫలితం వస్తుంది కాబట్టి. సిమెంటుకు మార్కులు వేయడానికి ఇసుకను కట్టేయాల్సి వచ్చిందంటే, సైట్‌లో దాన్ని వదిలేసి సిమెంటు గ్రేడు గురించి వాదించుకోవడంలో అర్థం ఎంతో మీరే ఆలోచించండి.

4.75 మిల్లీమీటర్ల జల్లెడ లోంచి దిగేదాన్ని ఫైన్ అగ్రిగేట్ అంటారు. నది ఇసుకైనా, రాయి కొట్టి చేసిందైనా పేరు అదే. దాని పని ఏమిటో తెలియాలంటే ఒక బకెట్ నిండా కంకర పోసి, పైదాకా నీళ్ళు పోసి చూడాలి. నిండు బకెట్ అనుకున్నదాంట్లో దాదాపు 40 శాతం దాకా నీళ్ళు పడతాయి. అంత ఖాళీని సిమెంటు ముద్దతోనే పూడిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, సిమెంటు ముద్ద ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. ఇసుక కుంచించుకుపోదు. ముద్ద మధ్యలో గట్టిగా నిలబడి ఆ కుదింపును పట్టి ఆపుతుంది. అందుకే ఇసుకను ‘నింపుడు సరుకు’ అనడం నాకు నచ్చదు. నింపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే.

ఇసుక లేకుండా కాంక్రీట్ ఉండదా అంటే, ఉంటుంది. నో-ఫైన్స్ కాంక్రీట్ అని దాన్ని కావాలనే చేస్తారు. కంకర గింజలు ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో సందులు అలాగే ఉండిపోతాయి. పైన నీళ్ళు పోస్తే నేరుగా కిందికి దిగిపోతాయి. వాన నీరు ఇంకాల్సిన నడకదారులకు అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. శ్లాబుకు పనికిరాదు.

ఇక ఇసుక సన్నగా ఉండాలా, ముతకగా ఉండాలా? ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. ఒక సెంటీమీటరు ఘనానికి ఆరు ముఖాలు, మొత్తం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే వెయ్యి ముక్కలవుతాయి, ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లకు చేరుతుంది. రాయి అంతే, బరువూ అంతే, తడపాల్సిన ఒళ్ళు మాత్రం పదింతలు. సన్న ఇసుక ఎక్కువ నీళ్ళు అడగడానికి కారణం ఇదే. అలాగని మరీ ముతకదైతే కాంక్రీట్ బిరుసెక్కుతుంది, తాపీకి లొంగదు, నీళ్ళు పైకి తేలతాయి. కాబట్టి పెద్దా చిన్నా అన్ని సైజుల గింజలూ కలిసి ఉండాలి. పెద్దవాటి సందుల్లో చిన్నవి, వాటి సందుల్లో మరీ చిన్నవి సర్దుకోవాలి.

ఈ కలగలుపును ఒకే అంకెలో చెప్పే కొలత ఫైన్‌నెస్ మాడ్యులస్. దాన్ని వాడుకలోకి తెచ్చింది డఫ్ అబ్రామ్స్. నీళ్ళు, సిమెంటు నిష్పత్తే కాంక్రీట్ బలాన్ని నిర్ణయిస్తుందని 1918లో షికాగోలో సూత్రీకరించిన ఇంజనీరు ఆయనే. ఇసుకను 4.75 మిల్లీమీటర్ల నుంచి 150 మైక్రాన్ల దాకా ఆరు జల్లెడల్లో జల్లించి, ఒక్కో జల్లెడ మీద అక్కడిదాకా నిలిచిన మొత్తం శాతాలను కూడి నూరుతో భాగిస్తారు. కాంక్రీటుకు మామూలుగా 2.3 నుంచి 3.1 మధ్య ఉంటే మంచిదంటారు. అయితే ఈ అంకెను గుడ్డిగా నమ్మకూడదు. రెండు వేర్వేరు కలగలుపులకు ఒకే అంకె రావచ్చు. పరీక్ష రిపోర్టులో ఆ చివరి అంకె చూసి సంతకం పెట్టేసేవాళ్ళను చూశాను. అసలు చూడాల్సింది ఏ జల్లెడ మీద ఎంత నిలిచిందో చెప్పే పట్టిక.

ఇంతా చేసి గింజల సైజు సగం కథే. కాంక్రీటును ఎక్కువసార్లు దెబ్బతీసేది ఇసుకలో ఉన్న తడి అని నా అభిప్రాయం. ఎందుకంటే సైజు లోడుకో రకంగా మారితే, తడి పూటకో రకంగా మారుతుంది.

రాత్రి వాన పడి పొద్దున తెరిపిచ్చిన ఒక సైట్‌లో జరిగింది చెబుతాను. మిక్స్ లెక్క ప్రకారం బస్తా సిమెంటుకు, అంటే 50 కిలోలకు, 100 కిలోల ఇసుక, 25 లీటర్ల నీళ్ళు. నీళ్ళు, సిమెంటు నిష్పత్తి 0.5. మనవాళ్ళు నిన్నటిలాగే 25 లీటర్లు కొలిచి పోశారు. కానీ ఆ ఇసుక గింజల పైన అప్పటికే 5 శాతం తడి ఉంది. అంటే ఇంకో 5 లీటర్లు ఎవరూ పోయకుండానే మిక్సర్‌లోకి వెళ్ళాయి. 25 కాస్తా 30 అయింది, 0.5 కాస్తా 0.6 అయింది. ఆ తేడాకు కాంక్రీట్ బలం సుమారు అయిదో వంతు తగ్గిపోవచ్చు. చూడ్డానికి మాత్రం మాల్ మెత్తగా, చక్కగా జారుతోంది. అక్కడున్న అందరికీ ముచ్చటేసింది కూడా.

అసలు తిరకాసు ఇంకోటి ఉంది. తడి ఇసుక ఉబ్బుతుంది. గింజల చుట్టూ పట్టిన నీటి పొర వాటిని ఒకదాన్నించి ఒకటి ఎడంగా నెడుతుంది. దీన్నే బల్కింగ్ అంటారు. గాజు కొలపాత్రలో తడి ఇసుకను వదులుగా 200 మిల్లీలీటర్ల గీత దాకా పోయండి. దాన్ని బయటికి తీసి, పాత్రలో సగం నీళ్ళు నింపి, అదే ఇసుకను మళ్ళీ అందులో వేసి కలిపి వదిలేయండి. అది 160 దగ్గర ఆగితే 25 శాతం ఉబ్బు ఉన్నట్టు. పూర్తిగా మునిగిన ఇసుక ఉబ్బదు, పూర్తిగా ఎండినదీ ఉబ్బదు. ఈ రెంటికీ మధ్య ఉన్నదే మోసం చేస్తుంది, సన్న ఇసుకైతే మరీను. కొలత పెట్టెతో పోసే చోట నిండు పెట్టెలో వెళ్ళేది పెట్టెడు ఇసుక కాదు, అందులో అయిదింట నాలుగు వంతులే. ఒకవైపు నీళ్ళు పెరుగుతాయి, మరోవైపు ఇసుక తగ్గుతుంది. కంకర సందులు నిండక, సెంట్రింగ్ విప్పాక తేనెపట్టులా గుల్లలు కనిపిస్తాయి. అప్పుడు వైబ్రేటర్ పట్టినవాడిని తిడతారు. కొన్నిసార్లు వాడి తప్పు కూడా ఉంటుంది, కాదనను.

ఇదే తడి కొనుగోలులోనూ ఆడుకుంటుంది. తడి ఇసుకను ఘనపరిమాణం లెక్కన కొంటే గాలికి డబ్బు కడుతున్నాం, బరువు లెక్కన కొంటే నీళ్ళకు కడుతున్నాం.

మురికి సంగతి చాలామందికి తెలిసిందే. గుప్పెడు ఇసుక నలిపి వదిలితే అరచేతికి మట్టి అంటుకుంటే అనుమానించాలి. సీసాలో ఇసుక, కాస్త ఉప్పు కలిపిన నీళ్ళు పోసి గట్టిగా కుదిపి కొన్ని గంటలు పెడితే ఒండ్రు పైన పొరగా పేరుకుంటుంది. ఆ పొర మందం కళ్ళకు కనిపిస్తుంది, వాదనలు అక్కర్లేదు. బంకమట్టి గింజ చుట్టూ పూతలా పట్టి సిమెంటును అంటనివ్వదు, నీళ్ళూ తాగుతుంది. కుళ్ళిన ఆకుల్లాంటి సేంద్రియ మురికి సిమెంటు గట్టిపడడాన్నే ఆలస్యం చేస్తుంది. ఇసుకను 3 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో 24 గంటలు ఉంచితే, ఆ మురికి ఉందో లేదో ద్రావణం రంగే చెబుతుంది. సముద్రపు ఇసుకను సరిగ్గా కడక్కుండా వాడితే అందులోని క్లోరైడ్లు చువ్వలను తుప్పు పట్టిస్తాయి. కొన్ని రకాల సిలికా ఉన్న గింజలు సిమెంటులోని క్షారాలతో చర్య జరిపి, ఏళ్ళ తర్వాత కాంక్రీటును లోపల్నుంచే పగలగొడతాయి. ఈ సంగతిని 1940లో కాలిఫోర్నియాలో థామస్ స్టాంటన్ బయటపెట్టాడు. అన్నాళ్ళూ ఆ గింజలను నిరపాయమనే అనుకున్నారు.

నది ఇసుక మంచిదా, రాయి కొట్టి చేసిన ఎం-శాండ్ మంచిదా అన్న వాదన నాకు ఎప్పుడూ విసుగే. గింజ ఎక్కడ పుట్టిందన్నది కాదు అడగాల్సింది, ఏ ఆకారంలో, ఏ కలగలుపులో ఉందన్నది. ఎడారిలో అంతులేని ఇసుక ఉంది. గాలికి దొర్లి దొర్లి నున్నబడి, సన్నబడి, దాదాపు ఒకే సైజుకు వచ్చేసింది కాబట్టి మామూలు కాంక్రీటుకు అంతగా నప్పదు. ఎం-శాండ్ గింజలకు కోణాలుంటాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, కానీ కాంక్రీటును బిరుసెక్కిస్తాయి. అక్కడ నీళ్ళు పెంచకుండానే మాల్‌ను జారేలా చేసే మందు, ప్లాస్టిసైజర్, వాడాలి, నీళ్ళ గొట్టం కాదు. అందులో ఉండే రాతి పొడిని చూసి భయపడేవాళ్ళున్నారు. బంకమట్టి వేరు, రాతి పొడి వేరు. మితంగా ఉంటే ఆ పొడే పంపులో కాంక్రీట్ సాఫీగా సాగడానికి సాయపడుతుంది. కాకపోతే క్రషర్ దగ్గర మిగిలిన డస్టును ఎం-శాండ్ పేరుతో అంటగట్టే వ్యవహారం ఉంది. దాన్ని పట్టుకోవడానికి జల్లెడ పట్టిక చాలు.

ప్రపంచం ఏటా దాదాపు 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో లెక్కగట్టింది. నదులు అంత వేగంగా ఇసుకను తయారు చేయలేవు. ఇకపై వచ్చే ఇసుక రకరకాలుగా ఉంటుంది, ఒక్కో లోడు ఒక్కోలా ఉంటుంది. దానికి మనం చూపే మందు ‘ఇంకో బస్తా వెయ్యి’. ఎక్కువ సిమెంటు అంటే ఎక్కువ వేడి, ఎక్కువ కుదింపు, మళ్ళీ పగుళ్ళు. పైగా ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7, 8 శాతం సిమెంటు తయారీదే. ఇసుకలో ఉన్న లోపాన్ని సిమెంటుతో కప్పడం ఖరీదైన పని, పైగా సగం సార్లు కప్పలేం కూడా.

పెద్ద ప్లాంట్లలో ఇసుక తొట్టిలోనే తేమ కొలిచే సెన్సర్ ఉంటుంది, నీళ్ళు దానంతటదే తగ్గుతాయి. చిన్న సైట్‌లో ఒక తూకం, ఒక పెనం, ఒక స్టవ్ చాలు. వాన పడిన ఆ పొద్దున మూడు బ్యాచ్‌లు పోశాక ఎవరికో అనుమానమొచ్చి ఆ పనే చేశారు. కుప్ప లోపల్నుంచి తీసిన 500 గ్రాముల ఇసుకను పెనం మీద పొడిపొడిగా ఆరేదాకా కలిపి తూస్తే 472 గ్రాములు వచ్చింది. దాదాపు 6 శాతం తేమ. గింజ లోపలే ఉండిపోయే శాతం తీసేస్తే మిగిలింది 5. నాలుగో బ్యాచ్‌కు 25 లీటర్లకు బదులు 20 లీటర్లే పోసి, ఇసుకను పెట్టె మానేసి తూచి, తడి లెక్కకు 5 కిలోలు కలిపి వేశారు. మాల్ కాస్త బిగువుగా ఉందని మేస్త్రీ సణిగాడు.