సవరణ: హుష్ హుష్‌లో ప్యాచ్ నెఫిలిం కాదు

మొన్న బెకా ఫిట్జ్‌పాట్రిక్ రాసిన హుష్ హుష్ (2009) నవల గురించి పెట్టిన పోస్ట్‌లో హీరో ప్యాచ్‌ని నెఫిలిం అని రాశాను, సిరీస్ మూడు పుస్తకాలే అని కూడా అన్నాను. రెండూ తప్పే, నాదే పొరపాటు.

పుస్తకం మళ్ళీ తీసి చూశాను. ప్యాచ్ ఫాలెన్ ఏంజెల్, అంటే స్వర్గం నుంచి పడిపోయిన దేవదూత. నెఫిలిం అంటే అలాంటి దేవదూతలకీ మనుషులకీ పుట్టినవాళ్ళు. ఈ తేడా చిన్నది కాదండీ, కథంతా దీనిమీదే నిలబడింది, ఎందుకంటే పడిపోయిన దేవదూతలకి స్పర్శ తెలీదు, అందుకే హీబ్రూ క్యాలెండర్‌లో హెష్వాన్ నెల వచ్చినప్పుడు రెండు వారాలు నెఫిలింల ఒంట్లో దూరి వాళ్ళ శరీరాన్ని వాడుకుంటారు, పగంతా అక్కడే మొదలవుతుంది. 1565లో ఫ్రాన్స్‌లో జరిగే మొదటి సీన్ కూడా ఇదే. ప్యాచ్‌ని నెఫిలిం అనుకుని చదివితే హీరోయిన్ నోరా మీద అతని ప్రేమలో ఉన్న బాధ సగం అర్థం కాదు.

ఈ నెఫిలింలు రచయిత్రి కల్పన కూడా కాదు, మన తెలుగు బైబిల్లో ఆదికాండం 6వ అధ్యాయంలో నెఫీలులు అని ఉంటారు, హనోకు గ్రంథం అనే పాత యూదు రచనలో అయితే 200 మంది దూతలు హెర్మోను కొండ మీద దిగారని ఇంకా వివరంగా ఉంటుంది.

ఇక సిరీస్ నాలుగు పుస్తకాలు: హుష్ హుష్, క్రెసెండో, సైలెన్స్, చివరిది 2012లో వచ్చిన ఫినాలే. మూడోదానితో ఆపేసినవాళ్ళుంటే ఫినాలే తప్పకుండా చదవండి, అసలు ముగింపు అందులోనే ఉంది.