ముందు మోటార్ మార్చండి, తర్వాత ఆలోచిద్దాం

కారు అద్దం కిందికి దిగి మళ్లీ పైకి రానంటే ఏం చేయాలో రాజ్యాంగంలో రాయలేదు గానీ, మనందరికీ తెలుసు. తలుపు మీద రెండు దెబ్బలు వేయాలి. వినకపోతే ఇంకో రెండు. అప్పటికీ వినకపోతే మెకానిక్ దగ్గరికి తోలుకెళ్లాలి. ఆయన డోర్ ప్యాడ్ మీద చెయ్యి కూడా వేయకుండానే "మోటార్ పోయింది సార్, అసెంబ్లీ మొత్తం మార్చాలి" అంటాడు. మనం తల ఊపుతాం. ఇంత సజావుగా సాగుతున్న వ్యవస్థకు ఈ మధ్య ఒక ముప్పు వచ్చిపడింది. కొందరు ఓనర్లు ముందుగా లోపం ఎక్కడుందో చూద్దాం అంటున్నారు.

వీళ్లు చేసే మొదటి దుర్మార్గం డ్రైవర్ తలుపు మీదున్న లాక్ బటన్ చూడటం. పిల్లలు అద్దాలతో ఆడుకోకుండా పెట్టిన బటన్ అది. ఎవరి మోచెయ్యో తగిలి నొక్కుకుందంటే మిగతా సీట్లలో స్విచ్‌లు పనిచేయవు. మళ్లీ నొక్కితే సరి, పైసా ఖర్చు లేదు. ఇలాంటి జ్ఞానం ఊరంతా పాకితే విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ ఏమైపోవాలి?

రెండోది చెవి ఆనించి వినడం. స్విచ్ నొక్కితే మోటార్ గుర్రుమంటోంది, అద్దం మాత్రం కదలడం లేదనుకోండి. అద్దాన్ని పైకీ కిందికీ జరిపే రెగ్యులేటర్ కేబుల్ తెగిందో, అద్దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగిందో అయి ఉంటుంది. చప్పుడు లేదు గానీ లోపలి లైటు కాస్త మసకబారితే కరెంటు మోటార్ దాకా వస్తోంది, ఏదో పట్టేసిందన్నమాట. రెండూ లేకపోతే ఫ్యూజ్, స్విచ్, వైరు వరసగా చూసుకుంటూ పోవాలి. దెబ్బ వేసినప్పుడు మాత్రమే అద్దం కదిలితే మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు, అంటే బ్రష్‌లు, అరిగి ఉండొచ్చు. అంటే రేడియోలను, టీవీలను కొట్టి దారికి తెచ్చుకున్న తరం చేతిలో ఉన్నది అచ్చమైన పరీక్షే. పేటెంట్ తీసుకోవడమే మరిచాం.

అన్నిటికన్నా ప్రమాదకరమైన రహస్యం తలుపుకీ బాడీకీ మధ్య ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు గొట్టంలో దాగుంది. తలుపు తీసి వేసిన ప్రతిసారీ అందులోని వైర్లు వంగుతాయి. కొన్నేళ్లకు పైతొడుగు బాగానే ఉండి లోపల రాగితీగ తెగుతుంది. అప్పుడు తలుపు సగం తెరిచి నొక్కితే అద్దం కదులుతుంది, మూసి నొక్కితే కదలదు. సంప్రదాయం ప్రకారమైతే ఇక్కడ మోటార్ మార్చాలి, తర్వాత స్విచ్ మార్చాలి, ఆ తర్వాత "ఈ మోడలే అంత" అని తీర్మానించి కారు అమ్మేయాలి. ఈ కొత్త ఓనర్లేమో స్విచ్ నొక్కిపట్టి తలుపును మెల్లగా ఊపి చూసి, జానెడు వైరుతో పని ముగించేస్తున్నారు. దేశభక్తి ఉన్నవాళ్లు చేసే పనేనా?

అద్దం దిగుతుంది గానీ ఎక్కేటప్పుడు మోటార్ ఉలకదు పలకదు అనే కేసులోనూ ఇదే తంతు. దిగడానికీ ఎక్కడానికీ ఉన్నది ఒకే మోటార్. ప్లస్, మైనస్ తారుమారైతే అటు తిరిగేది ఇటు తిరుగుతుంది. కాబట్టి ముందు అనుమానించాల్సింది స్విచ్‌లో నల్లబడిన కాంటాక్టుని. అయినా బిల్లులో "స్విచ్" అన్న మాటకు "మోటార్" అన్న మాటకున్న గాంభీర్యం ఉంటుందా? అద్దం మూలుగుతూ ఎక్కితే రబ్బరు బీడింగ్ తుడిచి సిలికాన్ స్ప్రే కొడితే చాలంటున్నారు. పాత ఇంజన్ ఆయిల్ పూసి రబ్బరును ఉబ్బించే మన దేశవాళీ వైద్యం ఇక అంతరించినట్టే.

ప్రభుత్వం అసలేమీ చేయలేదని అనను. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి చేసి, టోల్‌గేట్ దగ్గర అద్దం దించే పనిని చాలావరకు తప్పించింది. అదే ఊపులో మరికొన్ని చర్యలు తీసుకోవాలి. వైరులో కరెంటు వస్తోందో లేదో చూపించే 12 వోల్టుల టెస్ట్ ల్యాంపుకు లైసెన్సు పెట్టాలి. ఏ ఫ్యూజ్ దేనిదో ఫ్యూజ్ బాక్సు మూత మీద బొమ్మ వేసి ఉంటే దాన్ని చెరిపించాలి. ఓనర్స్ మాన్యువల్‌ను కూడా నిషేధించాలని కొందరు కోరుతున్నారు గానీ, అంత కఠినం అక్కర్లేదు. డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా దాన్ని మనమే భద్రంగా దాచాం.