అడిగినవాడికి కెమెరా లేదనరాదు

దానగుణం అడుగంటిపోయిందని వాపోయేవాళ్లు, జనం వెబ్‌సైట్లకు కెమెరా ఇచ్చే తీరు ఒకసారి చూడాలి. తెర పైమూల చిన్న పెట్టె వస్తుంది: ‘ఈ సైటు మీ కెమెరా వాడుకోవాలనుకుంటోంది’. ఎందుకు, ఎంతసేపు, వీడియో ఎక్కడికి పోతుంది, ఇవేవీ అందులో ఉండవు. చెయ్యి మాత్రం దానంతటదే ‘అనుమతించు’ మీదికి వెళ్లిపోతుంది. ఫొటో సైజు తగ్గించే సైటుకు నా ముఖంతో ఏం పని అని ఆరా తీయడం దాత లక్షణం కాదు.

బ్రౌజర్లదే చాదస్తం. హెచ్‌టీటీపీఎస్, అంటే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా గుట్టుగా పంపే ఏర్పాటు, లేని సైట్లకు కెమెరా ఇచ్చేది లేదని 2015లో క్రోమ్ తేల్చేసింది. దాంతో మన వీడియోను దారిలో ఎవరూ తొంగి చూడలేరు. అవతలి కొసన కూర్చున్నవాడు ఒక్కడే నిశ్చింతగా చూసుకోవచ్చు. ఆ ఏకాంతానికి భంగం కలగకూడదు కదా!

2008లో క్లిక్‌జాకింగ్ అనే విద్య బయటపడింది. అప్పటి ఓ డెమోలో అటూ ఇటూ గెంతే బటన్‌ను పట్టుకునే చిన్న ఆట పెట్టారు. దాని మీద, అప్పట్లో వెబ్‌పేజీల్లో వీడియోలూ ఆటలూ నడిపిన ఫ్లాష్ అనే ప్రోగ్రామ్ సెట్టింగ్స్ పేజీని కంటికి కనపడకుండా పరిచారు. బటన్ దొరికిందని ఆటగాడు మురిసిపోతూ క్లిక్ చేస్తుంటే, అందులో కొన్ని క్లిక్కులు పోయి కెమెరాకు అనుమతి ఇచ్చేశాయి. గుప్తదానాల్లో ఇదే ఉత్తమం. ఇచ్చిన సంగతి ఇచ్చినవాడికే తెలియదు.

2019లో జూమ్ ఇంకో మెట్టు ఎక్కింది. ఆపిల్ వారి మ్యాక్ కంప్యూటర్లో యాప్ తీసేసినా దాని చిన్న వెబ్ సర్వర్, అంటే వెబ్‌పేజీలు పిలిస్తే పలికే ప్రోగ్రామ్, లోపలే ఉండిపోయేది. ఎవరో తయారుచేసిన పేజీ తెరిస్తే చాలు, మాటామంతీ లేకుండా యాప్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, కెమెరా ఆన్ చేసి మరీ మీటింగ్‌లో కూర్చోబెట్టే వీలుండేది. పొమ్మంటే అటకెక్కి దాక్కున్న చుట్టం లాంటి ఆ సర్వర్‌ను చివరికి ఆపిలే అప్‌డేట్ పంపి వెళ్లగొట్టింది.

ఇవ్వడానికి ఒక్క నొక్కు. ఎవరెవరికి ఇచ్చామో చూసుకోవాలంటే సెట్టింగ్స్, అందులో ప్రైవసీ, అందులో సైట్ సెట్టింగ్స్, ఆ అడుగున కెమెరా. పుణ్యానికి లెక్కలు చూసుకోకూడదని కాబోలు, అంత లోపల పెట్టారు.

కొందరు అనుమానప్పక్షులు టేపు అంటిస్తారు. 2016లో ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ పెట్టిన ఫొటోలో ఆయన వెనకున్న ల్యాప్‌టాప్ కెమెరాకూ టేపు కనిపించింది. లోకమంతటి ముఖాలు తన సైటులో పెట్టించుకున్న పెద్దమనిషికి తన ముఖం దగ్గర ఇంత పిసినారితనమా! లైటు వెలగనంతసేపూ కెమెరా నిద్రపోతోందని నమ్మే అమాయకులు వేరే ఉన్నారు. 2013లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు పాత మ్యాక్‌బుక్‌లో లైటు వెలగకుండానే కెమెరా నడిపి చూపించారు.

టేపు వీరులు మాత్రం ధీమాగానే ఉన్నారు. కెమెరా మీద నీటుగా ముక్క అంటించి, ఆ వెంటనే వచ్చిన పెట్టెలో కెమెరాకూ మైకుకూ కలిపి ‘అనుమతించు’ నొక్కేస్తున్నారు.