బిల్లింగ్ సాహిత్యానికి హక్కుదారు ఎవరు?

నేను రచయితనన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా అందులో సాహిత్య రచనల పద్దులో చేరాయి. అంటే ఒక చీరల దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన నేను చట్టరీత్యా సాహితీవేత్తను. ఇంట్లో చెబితే, శాలువా ఎవరు కప్పారని అడిగారు.

శాలువా అటుంచి, సోర్స్ కోడ్ దగ్గర, అంటే ప్రోగ్రాము అసలు రాత దగ్గర, పేచీ వచ్చింది. దుకాణం యజమాని పెద్దమనిషి, ఆయన వాదనకు తిరుగులేదు. "డబ్బు ఇచ్చింది నేను కదా బాబూ, కోడ్ నాది కాక ఎవరిది? ఇల్లు కట్టిన మేస్త్రి గోడలు తనవంటాడా?"

నేను వినయంగా 17వ సెక్షను విప్పాను. జీతగాడు ఉద్యోగంలో భాగంగా రాసినది యజమానిది. బయటివాడు పని ఒప్పుకొని రాసినది మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, రాసినవాడిదే. ఆయన గల్లాపెట్టె మీద చెయ్యి వేసి, "మరి మా అమ్మాయి పెళ్లి ఫోటోలు?" అన్నారు. అవి మీవేనండీ, అన్నాను. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు తీయించుకున్నవారే మొదటి హక్కుదారు అని అదే సెక్షను చెబుతుంది. కోడ్‌కు ఆ వరం లేదు. "ఆ ఫోటోగ్రాఫరు రెండు పూటలా భోంచేసి వెళ్లినా ఫోటోలు నావే. నీకు టీ మాత్రమే పోస్తే కోడ్ నీదా?" అన్నారాయన. ఈ ప్రశ్నకు ఏ న్యాయమూర్తి అయినా కాసేపు కళ్లద్దాలు తుడుచుకోవలసిందే.

హక్కు ఆయనకు దఖలు పడాలంటే రాత ఉండాలి, దాని మీద నా సంతకం ఉండాలి. మా మధ్య ఉన్న రాతకోతలల్లా వాట్సాప్‌లో ఒక బొటనవేలి బొమ్మ. వేలిముద్రలకు విలువనిచ్చిన దేశం మనది, ఇది ఎందుకు చెల్లదో నాకూ అర్థం కాలేదు.

పోనీ రాసుకున్నా తిప్పలే. గడువు రాయకపోతే బదిలీ ఐదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని 19వ సెక్షను అనుకుంటుంది. ఆయన బావమరిది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇంకో దుకాణం తెరవబోతున్నాడు. చీరలు విమానం ఎక్కవచ్చు, వాటికి బిల్లు వేసే కోడ్ ఎక్కకూడదు. పైగా నా తదనంతరం మరో 60 ఏళ్లు హక్కు నా వారసులది. ఆషాఢం డిస్కౌంటు లెక్కగట్టే పన్నెండు వరుసల కోసం నా మనవలు కోర్టు మెట్లెక్కే దృశ్యం తలచుకుంటే గుండె ఉప్పొంగుతోంది.

ఇక్కడ చిన్న మనవి. ఆ సాఫ్ట్‌వేర్‌లో నేను చేతితో రాసినది ఎంత అని ఎవరూ అడగకూడదు. సింహభాగం ఎవరో పుణ్యాత్ములు ఎంఐటీ లైసెన్సు అనే అనుమతి పత్రం కింద, ఎవరైనా వాడుకోండని ఉచితంగా వదిలినది. దానికి వాళ్లు అడిగిన మూల్యం ఒక్కటే, తమ కాపీరైటు ప్రకటననూ లైసెన్సు పాఠాన్నీ తీసేయకుండా ఉంచమని. అది ఫైలు మొదట్లో చూడటానికి బాగాలేదని తీసేసి నా పేరు పెట్టాను. జీపీఎల్ అనే మరో ఉచిత లైసెన్సు సరుకు జోలికి మాత్రం పోలేదు. అది కలిపిన ప్రోగ్రామును ఇంకొకరి చేతికిస్తే సోర్స్ కోడ్ కూడా అవే షరతులతో ఇవ్వాలంటుంది, అంత నిజాయితీ నా వ్యాపారానికి గిట్టదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మా అల్లుడు దానం కూడా చేయలేదు, ఇన్‌వాయిస్ పంపాడు.

చివరికి ఒప్పందం రాసుకుందామని కూర్చున్నాం. ఆయన చురుకైనవారు, నా పాఠం వృథా పోలేదు. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలు తానే చెప్పి రాయించారు. సంతకం పెట్టాను. ఇక సగం బాకీ సంగతి ఎత్తితే, పండగ వెళ్లాక ఇస్తానన్నారు. గడువు రాయకపోతే ఐదేళ్లని తేల్చిన చట్టం, పండగ పేరు చెప్పకపోతే ఏది అనుకోవాలో ఎక్కడా చెప్పలేదు.

"ఏ పండగండీ?" అన్నాను.

"రచయితవు కదా బాబూ, ఆ మాత్రం ఊహించుకోలేవా?"