అమ్మానాన్నలతో పరుగు పందెం: వేగం ఎవరిది?

తల్లితోనో తండ్రితోనో కలిసి పరుగు పందెంలో పాల్గొనాలనుకునేవారు పేరు నమోదు చేసుకోకముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఆ రోజు ఎవరి వేగంతో పరుగెత్తబోతున్నారు? చాలామంది ఈ మాట పైకి అనరు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నన్నాళ్లు పెద్దవాళ్లు, పెద్దవాళ్లకు వయసు మళ్లాక పిల్లలు, ఎదుటివారికి తెలియనివ్వకుండా అడుగు నెమ్మదింపజేసుకుంటారు. ప్రేమతోనే చేసినా ఈ పని పందేన్ని నటనగా మారుస్తుంది. వేగం తగ్గించుకోవడంలో తప్పు లేదు కానీ, అది ఇద్దరూ ముందే మాట్లాడుకుని చేసినదై ఉండాలని నా అభిప్రాయం.

శరీరధర్మం తెలిస్తే ఆ మాట ఎత్తడం కష్టమేమీ కాదు. తీవ్రంగా శ్రమించేటప్పుడు శరీరం గరిష్ఠంగా వాడుకోగలిగే ఆక్సిజన్‌ను కొలిచే వీఓటూ మ్యాక్స్, వ్యాయామం అలవాటు లేనివారిలో ముప్పయ్యేళ్లు దాటాక దశాబ్దానికి సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుంది. క్రమం తప్పక సాధన చేసేవారిలో ఆ తగ్గుదల నెమ్మదిస్తుందే తప్ప ఆగిపోదు. గుండె కొట్టుకోగలిగే గరిష్ఠ వేగమూ వయసుతో పాటు పడిపోతుంది. కాబట్టి ఇద్దరూ పక్కపక్కనే ఒకే వేగంతో వెళుతున్నా, ముప్పయ్యేళ్ల కూతురికి అది కబుర్లు చెప్పుకుంటూ సాగే పరుగైతే, అరవయ్యేళ్ల తల్లికి ఊపిరి బిగబట్టి చేసే పోటీ కావచ్చు. అమెరికాలోని బోస్టన్ మారథాన్ నిర్వాహకులు ఈ తేడాను అంకెల్లోనే ఒప్పుకున్నారు. 2026 పోటీకి 18 నుంచి 34 ఏళ్ల మహిళలు 3 గంటల 25 నిమిషాల లోపు, 60 నుంచి 64 ఏళ్ల మహిళలు 4 గంటల 20 నిమిషాల లోపు మారథాన్ పూర్తిచేసి ఉంటే దరఖాస్తు చేసుకునే వీలుండేది. ఆ 55 నిమిషాల వ్యత్యాసాన్ని ఎవరూ జాలి అనరు, అర్హత ప్రమాణం అంటారు.

అలాగని వెనకబడేది ఎప్పుడూ పెద్దవాళ్లే అనుకోవడం తొందరపాటు. 2019 అక్టోబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మారథాన్‌లో ఉత్తర ఐర్లండ్‌కు చెందిన టామీ హ్యూస్, ఆయన కుమారుడు ఓవెన్ కలిసి 4 గంటల 59 నిమిషాల 22 సెకన్ల ఉమ్మడి సమయంతో తండ్రీకొడుకుల ప్రపంచ రికార్డు నెలకొల్పారు. అందులో 34 ఏళ్ల కొడుకు సమయం 2:31:30 కాగా, 59 ఏళ్ల తండ్రి సమయం 2:27:52. టామీ 1992 బార్సిలోనా ఒలింపిక్స్ మారథాన్‌లో పరుగెత్తిన మనిషి కనుక ఇది అందరికీ సాధ్యమయ్యే పని కాదు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ ఉమ్మడి లెక్కే. అందులో ఎవరూ ఎవరి కోసమూ ఆగనవసరం లేదు, చేయి చేయి పట్టుకుని ఫినిష్ లైన్ దాటనవసరమూ లేదు. ఇద్దరూ తమ శక్తి మేరకు పరుగెత్తారు, ఫలితం మాత్రం ఇద్దరిదీ. కలిసి పరుగెత్తడం అంటే పక్కపక్కన ఉండటమేనన్న ఊహను ఇంతకన్నా శుభ్రంగా తోసిపుచ్చే ఉదాహరణ నాకు తట్టదు.

పక్కపక్కన ఉండటం తప్పనిసరైన జంట కూడా ఒకటుంది. అమెరికాకు చెందిన డిక్ హోయ్ట్, సెరిబ్రల్ పాల్సీతో (మెదడు దెబ్బతినడం వల్ల శరీర కదలికలు అదుపులో ఉండని స్థితి) పుట్టిన తన కుమారుడు రిక్‌ను చక్రాల కుర్చీలో తోసుకుంటూ 1977లో తొలి పందెం పరుగెత్తారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇద్దరూ కలిసి వెయ్యికి పైగా పోటీల్లో పాల్గొన్నారు. బోస్టన్ మారథాన్‌లో అధికారిక ప్రవేశం కోసం వారు అందుకోవలసి వచ్చింది నలభై దాటిన తండ్రి వయసుకు తగ్గ సమయాన్ని కాదు, ఇరవైల్లో ఉన్న రిక్ వయసు వర్గానికి పెట్టిన కఠినమైన సమయాన్ని. కుర్చీని తోస్తూనే దాన్ని సాధించారు. ఈ కథను తండ్రి త్యాగంగా చెప్పడం అందరికీ అలవాటు. పరుగెత్తాలని మొదట అడిగినది కొడుకేనన్న సంగతి ఆ చెప్పడంలో వెనక్కి పోతుంది.

సామాన్యులకు పనికొచ్చే మార్గాలు ఇంతకన్నా తేలికైనవి. నెమ్మదిగా పరుగెత్తేవారిని ముందు నుంచి బయలుదేరనిచ్చే హ్యాండిక్యాప్ పందేలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 1878లో మొదలైన స్టావెల్ గిఫ్ట్ అనే పరుగు పందెం నేటికీ ఆ పద్ధతిలోనే జరుగుతోంది. సాధన పరుగుల్లో తండ్రీకొడుకులు, తల్లీకూతుళ్లు దీన్ని అనుసరిస్తే చివరి వంద మీటర్లలో ఎవరు గెలుస్తారో నిజంగానే తెలియదు. పరుగెత్తిన సమయాన్ని ఆ వయసువారి అత్యుత్తమ సమయంతో పోల్చి శాతంగా మార్చే ఏజ్ గ్రేడింగ్ పట్టికలూ అందుబాటులో ఉన్నాయి. పందెమంతా కలిసే ఉండాలనుకుంటే మాత్రం వేగాన్ని నెమ్మదివారే నిర్ణయించాలి. ఆయాసపడకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే అందుకు తగిన కొలత.

పిల్లల విషయంలో మరికొంత కచ్చితంగా ఉండాలి. చాలా మారథాన్‌లు 18 ఏళ్లు నిండనివారిని అనుమతించవు. అందువల్ల చిన్న వయసులో కలిసి పరుగెత్తడానికి తక్కువ దూరాలే సరైనవి, ఆగుతాననే హక్కు కూడా పిల్లలదే. తోడుగా ఉండాలనే ఉత్సాహంతో బిబ్ (పోటీదారు ఛాతీపై తగిలించుకునే నంబరు పత్రం) లేకుండా దారిలో చొరబడటం, ఒకరి బిబ్ మరొకరు తగిలించుకోవడం మరీ తప్పు. ఎవరైనా కుప్పకూలితే వైద్యులు ఆ నంబరును బట్టే మనిషి వివరాలు వెతుకుతారు.

ఇద్దరి వేగాల మధ్య తేడా మరీ ఎక్కువైతే, మొదటి కొన్ని కిలోమీటర్లు కలిసి వెళ్లి, ముందే అనుకున్న చోట విడిపోవచ్చు. అక్కడ వేగంగా వెళ్లగలిగినవారు వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి, రెండోవారు వాళ్లను అందుకోవాలని ప్రయత్నించకూడదు. ఒప్పందం ఇద్దరి మధ్యదే అయినా, దాన్ని పాటించడం ఎక్కువగా కష్టమయ్యేది ముందుకు వెళ్లేవారికే.